కాగితపు నమూనా లేకుండ నిలువుటంగీ కుట్టుకొనుట

మన సంఘములో చిన్న పన్నె మగ్గములు గలవారు ఇంకను కొందరున్నారు. తువ్వాళ్ళు, తుండుగుడ్డలు నేసి పిల్లలను పెంచినవారు. వారి గుడ్డ మగ్గము మీద 32 అంగుళాలు, ఉతికిన తరువాత 30 అంగుళాలు. ఆ గుడ్డను దర్జీ యొద్దకు తీసుకొనిపోయిన యెడల "పన్నా చాలదు" అని ఒక్క మాటతో త్రిప్పి పంపును. మిల్లు గుడ్డ, మరమగ్గపు గుడ్డ 44 అంగుళాలు, 58 అంగుళాలు వచ్చుచుండగా 30 అంగుళాల గుడ్డకు కత్తెర పెట్టుటకు అతనికి ఓపిక ఎక్కడిది? ఇట్లు త్రిప్పి పంపిన తానులు మన బీరువాలో అడుగు నుండి పై దాక ఉన్నవి. ఈ వ్యాసములో చెప్పబోవునది ఆ గుడ్డతోనే, కాగితపు నమూనా లేకుండ, ఎవరి అంగీ వారే కుట్టుకొను పద్ధతి. ఇది మేము కనిపెట్టినది కాదు. కత్తెర కంటె మగ్గమునకు ఎక్కువ గౌరవము ఉన్న కాలములో మన పెద్దలును, లోకములో ఇతరులును కుట్టుకొన్న పద్ధతి ఇదే.

మాకు ఇది అవసరపడిన సంగతి ముందు చెప్పెదము. కళుగుమలై ప్రక్క ఊరి యువకులు కొందరు వీరపాండ్య కట్టబొమ్మన కథను నాటకముగా ఆడదలచినారు. మన ప్రాంతములో ఆ కథ తెలియని ఇల్లు లేదు. పాంచాలంకురిచ్చి పాళెగాడైన ఆయనను 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరి తీసినారు. కోవిల్‌పట్టి నుండి తిరునెల్వేలి పోవు దారిలోనే కయత్తారు ఉన్నది. ఆయన వంశము తెలుగు మాటలాడు రాజకంబళ నాయకుల వంశము గనుక, ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము మాటలాడు మన పిల్లలకు ఆ వేషము మీద మక్కువ ఎక్కువ. నాటకపు దుస్తులు పట్టణములో బాడుగకు దొరుకును. అవి నైలాను గుడ్డలు. దీపము వెలుగులో మెరయును, వైశాఖపు ఎండలో వేసికొన్నవాని ఒంటిని ఉడికించును. వారిలో ఒకని అవ్వ, "మగ్గాల వీధిలో పుట్టి బాడుగ నైలాను కడుతారా, నాయనా?" అని అడిగినదట. ఆ మాట మీద వారు మా వద్దకు వచ్చినారు. ఇరువది అంగీలు కావలెను. ఒక్కొక్క అంగీకి 4 గజాల లెక్కన 80 గజాల గుడ్డ. అనగా దినమునకు 4 గజాలు నేయు చిన్న మగ్గములు రెంటికి పది దినముల పని. పెద్ద కొనుగోలు కాదు. కాని బీరువాలోని గుడ్డకు, ఆ మగ్గముల మీది చేతులకు అది పెద్దదే.

కుట్టువారెవరు అన్న ప్రశ్న మిగిలినది. పట్టణపు దర్జీ ఒక్కొక్క అంగీకి 36 అంగుళాల పన్నాలో 5 గజాలు అడిగినాడు. అందుచేత మేమే ముందు ఒకటి మా ఒంటికి కుట్టి చూడవలెనని నిశ్చయించినాము. మొదటిది చెడిపోయినది. ఆ సంగతి దాచుట లేదు, చదువువారికి అదియే ఎక్కువ ఉపయోగము.

పాతకాలపు నిలువుటంగీ ఎట్లుండెనో తెలిసికొనవలెనన్న లేపాక్షి వీరభద్రాలయము పైకప్పు చూడవలెను. అచ్యుతదేవరాయల కాలములో, అనగా 1529 మొదలు 1542 వరకు గల సంవత్సరములలో, విజయనగర అధికారులైన విరుపణ్ణ, వీరణ్ణ అను సోదరుల పేరుతో ముడిపడిన ఆలయమది. అక్కడి రంగుల బొమ్మలలో కొలువువారు పొడుగు చేతుల అంగీలు తొడిగి, తల మీద నిడుపాటి టోపీలు పెట్టి నిలిచియున్నారు. ఆ అంగీని కబాయి అనియు, ఆ టోపీని కుల్లాయి అనియు పిలిచినారు. రెండును పరదేశపు మాటలే. కబాయి అరబ్బుల 'కబా' నుండి, కుల్లాయి పారసీకుల 'కులాహ్' నుండి వచ్చినవి. శ్రీనాథుడు కర్ణాట రాజసభకు పోయినప్పుడు కుల్లాయి పెట్టుకొనవలసి వచ్చిన సంగతి ఆయన పేర ప్రసిద్ధమైన చాటువులో ఉన్నది. 1443లో విజయనగరము చూచిన పారసీక దూత అబ్దుర్రజాక్ రెండవ దేవరాయలు సాటిన్ కబా తొడిగియుండుట చూచి వ్రాసినాడు. రాజసభకు పోవునప్పుడు నిలువుటంగీ, ఇంటికి వచ్చిన పిమ్మట పంచె అను ఆచారము అప్పటిది. ఫిలిప్ వాగనర్ అను అమెరికా పండితుడు ఈ దుస్తుల విషయమై 1996లో ఒక మంచి వ్యాసము వ్రాసినాడు.

తరువాతి కాలములో జామా వచ్చినది. అది ముందు భాగము ఒకదాని మీద ఒకటి మడిచి చంక క్రింద ముడి వేయునది. నడుము నుండి క్రిందికి ఘేరు మిక్కిలి పెద్దది. హిందువులు ఎడమ ప్రక్కను, ముసల్మానులు కుడి ప్రక్కను ముడి వేసెడివారు. అహమ్మదాబాదులో 1949లో స్థాపించిన కాలికో వస్త్రప్రదర్శనశాలలో పాత జామాలను చూడవచ్చును. మేము కుట్టినది వీటిలో ఏ ఒక్కదానికి నకలు కాదు. లేపాక్షి బొమ్మలకును కట్టబొమ్మన కాలమునకును రెండు వందల యేబది ఏండ్ల దూరమున్నది. 1959 నాటి సినిమాలో శివాజీ గణేశన్ తొడిగినది సినిమా వారి అంగీ. దానిని చరిత్రగా పట్టుకొనరాదు. మేము పాతదని చెప్పునది కోత పద్ధతిని మాత్రమే.

ఆ పద్ధతి ఏమనగా, గుడ్డను చదరములుగను, ఏటవాలు ముక్కలుగను మాత్రమే కోయుట. వంపు కోత మెడ దగ్గర తప్ప మరెక్కడను లేదు. దీనికి కారణము నేతవారికి ఒకరు చెప్పనక్కరలేదు. చేతితో నేసిన గుడ్డను పారవేయుటకు ఎవరికి మనసు వచ్చును? టొరాంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియములో పనిచేసిన డొరతీ బర్న్‌హామ్ 1973లో 'కట్ మై కోట్' అను చిన్న పుస్తకము వేసినది. పాత దుస్తుల ఆకారమును నిర్ణయించినది దర్జీ బుద్ధి కాదు, మగ్గపు వెడల్పే అని ఆమె బొమ్మలు వేసి చూపినది. జపాను వారి కిమోనో గుడ్డ సుమారు 14 అంగుళాల వెడల్పే. ఆ వెడల్పులోనే మనిషి నిలువునా అంగీ వచ్చును, అన్నియు పొడుగు పట్టీలే. ఉతుకుటకు కుట్లు విప్పి, ఆరిన తరువాత మరల కుట్టెడివారు. ఉత్తరపు మంచు దేశమైన గ్రీన్‌లాండులో హెర్యోల్ఫ్స్‌నెస్ అను చోట 1921లో పౌల్ నర్లుండ్ అను డెన్మార్కు పండితుడు పాత శ్మశానము త్రవ్వించగా, గడ్డకట్టిన నేలలో ఉన్ని నిలువుటంగీలు దొరికినవి. ఆరు ఏడు వందల ఏండ్ల నాటివి. నడుమ తిన్నని పట్టీ, ప్రక్కల క్రిందికి వెడల్పగు ఏటవాలు ముక్కలు. ఆ చలిదేశపు నేతగత్తెయు, ఈ నల్లరేగడి నేల మీది మన నేతవారును ఒకరి పేరు ఒకరు వినకనే ఒకే ఉపాయము పట్టినారు. ఇంటిలో కుట్టుకొనువారి కొరకు కొలతల వారీగా కాగితపు నమూనాలు అమ్ముట అమెరికాలో ఎబెనేజర్ బటరిక్ అను దర్జీ 1863లో మొదలుపెట్టిన వ్యాపారము. అంతకు ముందు ఇండ్లలో కుట్టినవారిలో చాలమంది ఒంటి మీదను, గుడ్డ మీదను చూచియే కుట్టినారు.

ఇక పని.

మొదట గుడ్డను తడుపవలెను. మేము చేసిన మొదటి తప్పు ఇదే. గంజి పెట్టిన పడుగుతో నేసిన గుడ్డ మగ్గము మీద బిగువుగా ఉండును. నీరు తగిలిన వెంటనే తన అసలు పొడవునకు వచ్చును. మన 60వ నంబరు గుడ్డ గజమునకు రెండున్నర అంగుళాలు కుంచించినది. నూలు రాట్నపు చుట్టు మొదలు మగ్గము దించు వరకు అన్నియు తెలిసిన మేము, కార్యదర్శి కుర్చీలో కూర్చున్న పిమ్మట ఈ సంగతి మరచి, కోరా గుడ్డనే కోసినాము. కుట్టిన అంగీని మొదటి ఉతుకులో చీలమండ దగ్గర నుండి పిక్క మీదికి తెచ్చుకొన్నాము. ఆ 4 గజాలు నేసినది డెబ్బది ఏండ్ల వితంతువు. ఆమె దినమంతటి పని. సంఘపు లెక్కలో వ్రాయక వెల మేమే కట్టినాము. కాని ఆమె అంగీని చేత పట్టుకొని, "కోసేముందు తడిపితివా, నాయనా?" అని మాత్రము అడిగినది. వెల కట్టుట కంటె అది కష్టమైనది.

కనుక 4 గజాలు తీసికొని రాత్రంతయు నీటిలో నానబెట్టి, గంజి పోవునట్లు ఉతికి, పిండక నీడన ఆరవేసి, కొంచెము తడి యుండగానే పడుగు పేకలు తిన్నగా ఉండునట్లు లాగి మడత పెట్టవలెను. ఎండిన పిదప కొలిచి చూచిన, 30 అంగుళాల పన్నాలో మూడున్నర గజాలకు తగ్గక ఉండవలెను. మనకు కావలసినది సరిగా 126 అంగుళాలు, అనగా 3½ గజాలు. మీటర్ల లెక్కలో 3 మీటర్ల 20 సెంటీమీటర్లు.

తన ఒంటిని తానే కొలుచుకొనుట కష్టమందురు. నేతవారికి కష్టము లేదు. గట్టి నూలుపోగు ఒకటి తీసి, ఒక కొసకు నిండు కండెను కట్టవలెను. రెండవ కొసను భుజము మీద మెడ మొదట వ్రేలితో నొక్కి పట్టి, కండె బరువునకు పోగును తిన్నగా వ్రేలాడనిచ్చిన నిలువు కొలత వచ్చును. వంగి చూడరాదు, వంగిన రెండు అంగుళాలు తప్పును. ప్రక్కన పిల్లవాడెవడైన చీలమండ దగ్గర ముడి వేసిన చాలును. రొమ్ము చుట్టు పోగు చుట్టి, ఊపిరి పీల్చి పట్టి ముడి వేయవలెను. భుజము ఎముక నుండి మణికట్టు వరకు మోచేయి కొద్దిగా మడిచి కొలువవలెను. పిడికిలి చుట్టు కొలత వేరు. చేయి అంగీ చేతిలో దూరవలెను గదా. మా కొలతలు ఇవి: నిలువు 48 అంగుళాలు, రొమ్ము 36, చేయి 22, అరచేయి ముడుచుకొని తీసిన కొలత 8½.

ఇప్పుడు లెక్క. నడుమ ముక్క వెడల్పు రొమ్ములో సగమునకు రెండు అంగుళాలు ఎక్కువ. అందులో ఒకటి రెండు ప్రక్కల కుట్టుకు పోవును, రెండవది వదులుకు. 18కి 2 కలిపిన 20. దాని పొడవు నిలువు కొలతకు క్రింది మడత ఒకటిన్నర అంగుళము కలిపి రెట్టింపు. 49½ రెట్టింపు 99 అంగుళాలు. ఈ ముక్క ముందు వెనుక ఒకటే. భుజము మీద మడత పడును, భుజపు కుట్టు లేదు.

గుడ్డలో నుండి 99 అంగుళాల పొడవు తీయునప్పుడు కత్తెరను కంటితో నడుపరాదు. ఒక పేక పోగును సూదితో పైకెత్తి మెల్లగా లాగిన, గుడ్డలో సన్నని బాట పడును. ఆ బాట వెంబడి కోసిన కోత తప్పదు. అట్లే అంచు నుండి 20 అంగుళాలు కొలిచి పడుగు పోగును లాగి, నిలువునా 99 అంగుళాలు కోయవలెను. ఒక ప్రక్క 20 అంగుళాల నడుమ ముక్క, రెండవ ప్రక్క 10 అంగుళాల పట్టీ మిగులును.

ఈ పది అంగుళాల పట్టీలోనే పనితనమంతయు ఉన్నది. దాని నుండి 38 అంగుళాల పొడవు గల ముక్కలు రెండు తీయవలెను. ఒక్కొక్క ముక్క పై కొసన ఎడమ ప్రక్క నుండి ఒక అంగుళము, క్రింది కొసన కుడి ప్రక్క నుండి ఒక అంగుళము గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తులను సున్నపు దారముతో కలిపి ఏటవాలుగా కోసిన రెండు ముక్కలు వచ్చును. ప్రతి ముక్క ఒక కొసన 1 అంగుళము, రెండవ కొసన 9 అంగుళాలు. నాలుగు ముక్కలు. ఇవి ప్రక్కల పెట్టు ఘేరు ముక్కలు. సన్న కొసలోని అంగుళము కుట్టులో మాయమగును. వెడల్పు కొసన 8 అంగుళాలు నిలుచును. నడుమ ముక్కలు ముందు 19, వెనుక 19, ఘేరు ముక్కలు నాలుగు ఎనిమిదులు 32. అంగీ క్రింది చుట్టు 70 అంగుళాలు. పెద్ద అడుగు వేసి మెట్లెక్కుటకు ఇది చాలును, మేము గుడి మెట్లు ఎక్కి చూచినాము.

పట్టీలో ఇంకను 23 అంగుళాలు మిగిలినవి. అందులో 5 అంగుళాల పొడవు కోసి నడుమకు రెండుగా చేసిన 5 అంగుళాల చదరములు రెండు. ఇవి చంకముక్కలు. మిగిలిన 18 అంగుళాలను నిలువునా నాలుగు పట్టీలుగా, ఒక్కొక్కటి 2½ అంగుళాల వెడల్పున కోయవలెను. ఒకటి మెడపట్టీకి, ఒకటి మెడ చీలికకు, రెండు ముడి నాడాలకు. ఇంతటితో పట్టీ అయిపోయినది.

చేతులకు మిగిలినది 27 అంగుళాల పొడవు, 30 అంగుళాల పన్నా గల గుడ్డ. ఇక్కడ పన్నా వెడల్పే చేతి పొడవగును. ఒక అంచు మీద 17 అంగుళాల దగ్గర, ఎదుటి అంచు మీద అదే కొస నుండి 10 అంగుళాల దగ్గర గుర్తు పెట్టి కోసిన, తలక్రిందులుగా పడుకొన్న చేతులు రెండును ఒకేసారి వచ్చును. ప్రతి చేయి భుజము దగ్గర 17, మణికట్టు దగ్గర 10. మణికట్టు చివర నేసిన అంచే ఉండును గనుక మడత కుట్టు అవసరము లేదు. మగ్గము మీదనే ఆ అంచులకు ఎరుపో ఆకుపచ్చో నాలుగు పోగులు పెట్టిన, చేతి కొసకు కరవాలు వచ్చినట్లు అందముగా ఉండును. ఇది మేము తరువాత గాని తెలిసికొనలేదు. మొదటి పది అంగీలు తెల్ల అంచుతోనే పోయినవి.

చేయి 30 అంగుళాలు ఎందుకని మా ఇంట్లోనే అడిగినారు. పాత అంగీలకు చేతులు చేతి కంటె పొడుగే. మిగులు భాగము ముంజేతి మీద ముడతలు ముడతలుగా నిలుచును, గాజులు వేసినట్లుండును. వద్దనుకొన్నవారు తగ్గించుకొనవచ్చును. అయితే భుజము వైపు కోయవలెను గాని అంచు వైపు కోయరాదు.

మెడ కోతకు వచ్చునప్పటికి చెయ్యి వణుకవలెను. వణుకనివారు మా వలె చెడగొట్టుకొందురు. కళుగుమలైలో వెట్టువన్ కోవిల చూచినవారికి తెలియును. ఎనిమిదవ శతాబ్దిలో పాండ్యుల శిల్పులు కొండను పై నుండి క్రిందికి చెక్కుచు వచ్చి, సగములో విడిచినారు. అక్కడ ఒక్క పెచ్చు ఎక్కువ పోయిన తిరిగి అతికించుటకు లేదు. మెడ కోత అట్టిదే. మొదటి అంగీకి మేము మెడ కొలత 15 అంగుళాలు తీసి, కుట్టుకు మరి అర అంగుళము కలిపి గుండ్రముగా కోసినాము. ఇతర చోట్ల కుట్టుకు కలుపుట సరియే. మెడ దగ్గర అది తలక్రిందులు. రంధ్రపు అంచును లోపలికి మడిచిన కొలది రంధ్రము పెద్దదగును, చిన్నది కాదు. భుజము నుండి అంగీ జారిపోయినది. కాబట్టి మెడ దగ్గర కుట్టుకు కలుపక తీసివేయవలెను.

సరియైన తీరు ఇది. నడుమ ముక్కను భుజము దగ్గర అడ్డముగా మడిచి, నిలువునా మరల మడిచి, నడిమి బిందువు గుర్తు పెట్టవలెను. ఆ బిందువునకు అటు రెండు ఇటు రెండు అంగుళాలు మాత్రము మడత మీద కోయవలెను. ముందు భాగములో నడుమ నిలువునా 8½ అంగుళాల చీలిక. ఇప్పుడు తల దూర్చి అద్దములో చూచుకొని, ముందు వైపు కొద్దికొద్దిగా, పావు అంగుళము చొప్పున గుండ్రముగా కోసికొని పోవలెను. వెనుక వైపు అర అంగుళమునకు మించరాదు. మెడకు ఇంకను కొంచెము బిగువుగా ఉన్నది అనిపించినప్పుడు ఆపవలెను. మెడపట్టీ కుట్టినప్పుడు ఆ బిగువు పోవును.

కుట్టు క్రమము. ముందు అన్నిటిని వదులు కుట్టుతో కలిపి తొడిగి చూచిన తరువాతనే గట్టి కుట్టు. నడుమ ముక్క ప్రక్క అంచున భుజపు మడతకు చేతి ముక్క నడిమి గుర్తును కలిపి ముందు 8, వెనుక 8 అంగుళాలు కుట్టవలెను. ఘేరు ముక్కలకు ఒక ప్రక్క తిన్నని పోగు, రెండవ ప్రక్క ఏటవాలు కోత. ఏటవాలు కోతను నడుమ ముక్క తిన్నని అంచునకు కుట్టవలెను. రెండు ఘేరు ముక్కల తిన్నని అంచులు ప్రక్కన ఒకదానితో ఒకటి కలియవలెను. ఏటవాలును ఏటవాలుతో కలిపితిరా, కొద్ది దినములకే అంగీ ప్రక్కలు తోకల వలె జారును. ఏటవాలు అంచు తిన్నని అంచు కంటె సుమారు ముప్పావు అంగుళము పొడుగుండును. దానిని లాగి సరిపెట్టక క్రిందికి వదలివేయవలెను, చివర మడతలో సరియగును.

ఘేరు ముక్క సన్న కొస చేతి కుట్టు దగ్గర కాక దానికి 4 అంగుళాల క్రింద మొదలుకావలెను. ఆ ఖాళీయే చంకముక్క చోటు. చంకముక్క చదరమునకు నాలుగు అంచులు. రెండు అంచులు చేతి ముందు వెనుక ప్రక్కలకు, రెండు అంచులు నడుమ ముక్క ముందు వెనుక ప్రక్కలకు. ఒక మూల చేతి కుట్టులోనికి, ఎదుటి మూల ప్రక్క కుట్టులోనికి పోవును. మొదటి సారి ఇది ఎవరికిని బోధపడదు. పాత తుండుగుడ్డలో ఒక చిన్నది కుట్టి చూచిన వెంటనే బోధపడును. చంకముక్క లేనిచో చేయి పైకెత్తినప్పుడు అంగీ అంతయు లేచును. కత్తి ఎత్తు వేషగానికి అది సిగ్గుచేటు. తరువాత మణికట్టు నుండి చంక వరకును, చంక నుండి క్రింది వరకును ఒకే వరుసగా కుట్టివేయవలెను. చేతికి ఒక ప్రక్క ఏటవాలు, ఒక ప్రక్క తిన్నన గనుక కుట్టు కొంచెము మెలిపడినట్లుండును. ముడతలలో కనబడదు.

అంచు గల చోట కుట్టు విప్పి పరచిన చాలును, పోగు ఊడదు. కోత గల చోట ఒక ప్రక్కను తగ్గించి రెండవ ప్రక్కను దాని మీదికి మడిచి కుట్టవలెను. మెడకు పట్టీని రెండు మడతలుగా నిలువ పెట్టి, చీలికకు రెండవ పట్టీ వేసి, నాడాలు కుట్టిన పని చివరకు వచ్చినది. క్రింది మడత మాత్రము ఆ దినమే కుట్టరాదు. అంగీని ఒక రాత్రి మేకుకు తగిలించి ఉంచిన ఏటవాలు పోగులు తమ బరువునకు తాము దిగును. మరునాడు నేల నుండి సమానముగా గుర్తు పెట్టి కోసి మడువవలెను.

నడికట్టు లేనిదే ఈ అంగీ గోనెసంచి వలె కనబడును. మూడు గజాల పొడుగున, మడిచిన అరచేయి వెడల్పగు రంగు నడికట్టును అదే చిన్న మగ్గము మీద నేయవచ్చును.

రొమ్ము 40 అంగుళాలు గలవారికి నడుమ ముక్క 22 కావలెను. పట్టీ 8 అంగుళాలే మిగులును. ఘేరు ముక్కలు ఒక కొసన 1, రెండవ కొసన 7. క్రింది చుట్టు 66కు దిగును. నడవవచ్చును. కాని చంకముక్కలు రెండు ప్రక్కప్రక్కన పట్టవు, మెడపట్టీకి పొడవు చాలదు, గనుక అర గజము ఎక్కువ తీసికొనవలెను. అంతకు మించిన ఒంటికి 30 అంగుళాల గుడ్డలో ఘేరు ముక్కలు మరి రెండు జతలు వేయవలసియుండును. ఎత్తరులకు నిలువు ఒక అంగుళము పెరిగిన గుడ్డ రెండు అంగుళాలు పెరుగును. ఆడపిల్లలకును ఇదే అంగీ. నాటకములో రాణి వేషము వేసిన పిల్ల తన అంగీ తానే కుట్టుకొని మా అందరి కంటె చక్కగా చంకముక్క పెట్టినది.

ఒక సంగతి నేతవారు జ్ఞాపకముంచుకొనవలెను. చీర కొంగు వలె గుడ్డ కొసలలో అడ్డ చారలు నేసిన అవి అంగీ క్రింది అంచునకు వచ్చునని తలచెదరు. నడుమ ముక్కకు వచ్చును. ఘేరు ముక్కలలో సగము తలక్రిందులుగా వచ్చినవి గనుక వాటికి రావు. చార కావలెనన్న వేరుగా పట్టీ నేసి క్రింద కుట్టవలెను, లేదా తెల్లగానే వదలవలెను.

ఇరువది అంగీలు నెల తిరుగక మునుపే పూర్తియైనవి. కుట్టినది సంఘపు ఇండ్లలోని ఆడవారు ఆరుగురు, నాటకపు పిల్లలు నలుగురు. 80 గజాలకు గాను పనికిరాక మిగిలిన గుడ్డ మెడ దగ్గరి ముక్కలు, ఏటవాలు కొసలు. ఒక చేతి సంచిలో పట్టినవి. దీనితో చిన్న మగ్గముల కష్టము తీరినదని మేము చెప్పుట లేదు. పది దినముల పని పది దినములే. కాని ఈ యేడు మరి రెండు ఊళ్ళ వారు వచ్చి అడిగిపోయినారు, ఒకరు 12, ఒకరు 9. "పన్నా చాలదు" అన్న మాట ఆ గుడ్డ విషయములో మరల వినలేదు.

మొదట చెడిపోయిన అంగీని పారవేయలేదు. సంఘ కార్యాలయములో తలుపు వెనుక మేకుకు తగిలించియున్నది. కుట్టదలచినవారు వచ్చి కుట్లు విప్పి చూడవచ్చును, కొలతలు తీసికొనవచ్చును. మెడ కొలత మాత్రము దాని నుండి తీయరాదు.